సర్పంచ్‌ను దించేదెవరు?

సర్పంచ్ మీద విసిగిపోయిన ఊళ్లో ఎవరిని కదిపినా వినిపించే మాట ఒకటే: "ఓట్లేసి గెలిపించింది మేమే, వచ్చే గ్రామసభలో మేమే దించేస్తాం." ఈ మాటలో కోపం న్యాయమైనదే కావచ్చు గానీ, మన చట్టాల్లో దానికి చోటు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ, నేరుగా ఓట్లేసి గెలిపించిన సర్పంచ్‌ను ఆ ఓటర్లే తిరిగి ఓటు వేసి తప్పించే ఏర్పాటు నేటికీ లేదు. గ్రామసభ తీర్మానం చేయొచ్చు, నిలదీయొచ్చు, లెక్కలు అడగొచ్చు. పదవి నుంచి తీసేసే సంతకం మాత్రం జిల్లా కలెక్టర్ చేతిలో ఉంది.

ఇలా ఎందుకుందో అర్థం కావాలంటే, స్థానిక సంస్థల్లో ఎవరిని ఎవరు ఎన్నుకుంటారో ముందు చూడాలి. దించే పద్ధతి ఎన్నుకునే పద్ధతిని బట్టే ఉంటుంది.

పంచాయతీలో సర్పంచ్‌కూ వార్డు సభ్యులకూ ఊరివాళ్లే ఓటు వేస్తారు. ఉప సర్పంచ్‌ను మాత్రం వార్డు సభ్యులూ సర్పంచూ కూర్చుని ఎన్నుకుంటారు. మండలంలో మనం ఓటేసేది ఎంపీటీసీకి, ఎంపీపీని ఎంచుకునేది ఆ ఎంపీటీసీలు. జిల్లా పరిషత్‌లోనూ అంతే, జడ్పీటీసీలు చైర్మన్‌ను ఎన్నుకుంటారు. 1987లో మండలాధ్యక్షుల్ని జనమే నేరుగా ఎన్నుకున్నారని పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తర్వాత వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ మండల, జిల్లా స్థాయి అధ్యక్షుల్ని సభ్యుల్లోంచే ఎన్నుకోవాలంది. గ్రామ సర్పంచ్ ఎన్నిక ఎలా ఉండాలన్నది రాష్ట్రాల ఇష్టానికి వదిలింది. పట్టణాల్లో మనం వేసే ఓటు వార్డు కౌన్సిలర్‌కో కార్పొరేటర్‌కో పడుతుంది, చైర్‌పర్సన్‌నూ మేయర్‌నూ వాళ్లు ఎన్నుకుంటారు.

సభ్యులు ఎన్నుకున్న వాళ్లను సభ్యులే దించొచ్చు. దానికి దారి అవిశ్వాస తీర్మానం. ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లో 245వ సెక్షన్ దీని గురించే చెబుతుంది. ఉప సర్పంచ్, ఎంపీపీ, జడ్పీ చైర్‌పర్సన్, వాళ్ల ఉపాధ్యక్షులు ఈ సెక్షన్ కిందికి వస్తారు. సర్పంచ్ పేరు అందులో లేదు. జనం నేరుగా ఎన్నుకున్న మనిషిని పది మంది వార్డు సభ్యులు చేతులెత్తి ఇంటికి పంపడం సబబు కాదన్నది దాని వెనకున్న ఆలోచన.

అవిశ్వాసం పెట్టడం పైకి కనిపించేంత తేలిక కాదు. పదిహేను మంది ఎంపీటీసీలున్న మండలం తీసుకుందాం. నోటీసు మీద సగానికి తగ్గకుండా, అంటే కనీసం ఎనిమిది మంది సంతకాలుండాలి. దాన్ని నిర్ణీత నమూనాలోనే రాసి, సంతకం చేసినవారిలో ఇద్దరు స్వయంగా వెళ్లి అధికారికి అందించాలి. అధికారి సమావేశం తేదీ ఖరారు చేసి సభ్యులందరికీ నోటీసులు పంపిస్తారు. నోటీసుకూ సమావేశానికీ మధ్య పూర్తిగా పదిహేను రోజులు ఉండాలి. ఈ రోజుల లెక్క మీదే ఎన్నో కేసులు హైకోర్టు దాకా వెళ్లాయి. ఆ రోజున చేతులెత్తే పద్ధతిలో ఓటింగ్ పెడతారు. మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు, అంటే పది మంది ఎత్తాలి. హాజరైన వారిలో కాదు, మొత్తం సభ్యుల్లో. ఈ తేడా తెలియక లెక్క తప్పినవాళ్లున్నారు. రానివాడు కూడా పరోక్షంగా అధ్యక్షుడి వైపు ఉన్నట్టే లెక్క.

కుర్చీ ఎక్కిన మర్నాడే అవిశ్వాసం పెట్టకుండా చట్టం ఒక గడువు కూడా పెట్టింది. మొదట రెండేళ్లుగా ఉన్న ఆ గడువును తర్వాత నాలుగేళ్లకు పెంచారు. తెలంగాణ 2019 పురపాలక చట్టం చైర్‌పర్సన్లకు మూడేళ్ల రక్షణ ఇచ్చింది. అధ్యక్షుడికి కాస్త కుదురుగా పనిచేసే వీలుండాలన్నది దీని ఉద్దేశం. అయిదేళ్ల పదవిలో నాలుగేళ్లు ఎవరూ ముట్టుకోలేకపోతే, ఆ తర్వాత దించినా ఊరికి మిగిలేది కొద్ది నెలలే. పనికిరాని అధ్యక్షుణ్ని నాలుగేళ్లు భరించి, అయిదో ఏట మార్చుకోవడంలో ప్రజలకు దక్కేది చాలా తక్కువ. ఆ చివరి ఏడాదిలో జరిగే మార్పులు ఎక్కువగా రాష్ట్రంలో ప్రభుత్వం మారినందువల్ల వస్తున్నాయి. పనితీరు బాగోలేదన్నది నోటీసు కాగితం మీద రాసే కారణంగానే మిగులుతోంది.

విశాఖపట్నం దీనికి మంచి ఉదాహరణ. 2021 మార్చిలో జరిగిన ఎన్నికల్లో 98 వార్డులకు గాను వైఎస్సార్ కాంగ్రెస్ 58 గెలిచింది. ఆ నెల 18న గొలగాని హరి వెంకట కుమారి మేయర్ అయ్యారు. 2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కార్పొరేటర్లు ఒక్కొక్కరుగా పార్టీ మారారు. 2025 మార్చి 18తో నాలుగేళ్లు నిండాయి. ఆ వారంలోనే కలెక్టర్‌కు అవిశ్వాస నోటీసు అందింది. ఆ తర్వాత మన రాష్ట్రాల్లో అందరికీ అలవాటైన క్యాంపు రాజకీయం నడిచింది. కార్పొరేటర్లను ఊళ్లు దాటించారు, దేశం దాటించారని కూడా పత్రికలు రాశాయి. ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు ఎక్స్ అఫీషియో సభ్యులుగా ఓటేస్తారు కాబట్టి మొత్తం బలం 111. మూడింట రెండొంతులంటే 74. ఏప్రిల్ 19న సమావేశానికి వైఎస్సార్ కాంగ్రెస్ దూరంగా ఉంది. తీర్మానానికి అనుకూలంగా సరిగ్గా 74 మంది నిలిచారు. ఒక్కరు తగ్గినా వీగిపోయేదే. ఏప్రిల్ 28న పీలా శ్రీనివాసరావు మేయర్ అయ్యారు.

ఇందులో చట్టాన్ని దాటిన అడుగేదీ లేదు. కానీ ఆ మార్పులో నగర ఓటరు పాత్ర ఎక్కడుంది? వార్డులో ఒక గుర్తుకు ఓటేసిన మనిషి, తన కార్పొరేటర్ గుర్తు మారడం చూశాడు, మేయర్ మారడం చూశాడు. తన అభిప్రాయం ఎవరూ అడగలేదు. విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుందన్న నిబంధన ఉన్నా, దాని మీద ఫిర్యాదు, విచారణ, కోర్టు ముగిసేసరికి అసలు పదవీకాలమే అయిపోతుంది.

ఇక సర్పంచ్ సంగతి. 1994 చట్టంలోని 249వ సెక్షన్, తెలంగాణ 2018 చట్టంలోని 37వ సెక్షన్ కలెక్టర్‌కు సర్పంచ్‌ను సస్పెండ్ చేసే, తొలగించే అధికారం ఇచ్చాయి. కారణాలు స్థూలంగా ఇవి: ప్రభుత్వ ఉత్తర్వులను కావాలని బేఖాతరు చేయడం, పదవిని దుర్వినియోగం చేయడం, విధుల్లో దుష్ప్రవర్తన, పదేపదే బాధ్యతలు ఎగ్గొట్టడం. గ్రామసభ జరపకపోవడం, లెక్కలు అప్పగించకపోవడం కూడా పదవికి ఎసరు తెచ్చేవే. తెలంగాణ కొత్త చట్టాలు ఈ జాబితాను బాగా పెంచాయి. పారిశుధ్యం, హరితహారం పేరుతో మొక్కల పెంపకం కూడా అందులోకి వచ్చాయి. నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలన్న షరతు పురపాలక వార్డు సభ్యుల మెడకు కూడా చుట్టుకుంది. మొక్కలు నాటడం మంచిదే. కానీ నీళ్ల ట్యాంకరుకు నిధులు రాకపోయినా, ఎండలు మండిపోయినా, ఎండిన మొక్క పేరుతో మనిషి పదవి పోవడమన్నది నాకు మింగుడుపడదు.

తొలగింపు నడిచే తీరు ఇలా ఉంటుంది. ఊరివాళ్లో, వార్డు సభ్యులో కలెక్టరేట్‌లో సోమవారం జరిగే అర్జీల కార్యక్రమంలో ఫిర్యాదు ఇస్తారు. అది జిల్లా పంచాయతీ అధికారికి (డీపీఓ) వెళ్తుంది. డివిజనల్ పంచాయతీ అధికారి (డీఎల్‌పీఓ) లేదా మండల అధికారి విచారణకు ఊరికి వస్తారు. పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం, క్యాష్ బుక్, బిల్లుల ఓచర్లు, పని కొలతలు రాసే ఎంబీ బుక్ బయటికి తీస్తారు. సిమెంటు రోడ్డు నూరు మీటర్లు వేసినట్టు ఎంబీలో ఉండి, టేపు పట్టుకుని కొలిస్తే డెబ్భై మీటర్లే తేలితే విషయం అక్కడే తెలిసిపోతుంది. మోటారు రిపేరుకు డబ్బు డ్రా చేశారు గానీ తీర్మానం లేదు, తీర్మానం ఉంది గానీ సభ్యుల సంతకాలు లేవు, సంతకాలున్నాయి గానీ ఆ రోజు ఊళ్లోనే లేనని ఒక సభ్యుడు రాసిచ్చాడు. నివేదికలు ఇలాంటి వివరాలతో నిండుతాయి. దాని మీద కలెక్టర్ షోకాజ్ నోటీసు ఇస్తారు. సర్పంచ్ సంజాయిషీ రాసివ్వాలి. అది సంతృప్తికరంగా లేదనుకుంటే ఉత్తర్వు వెలువడుతుంది.

చాలా చోట్ల కథ అంత దూరం పోకముందే చెక్ పవర్ రద్దవుతుంది. ఊళ్లో మాటల్లో చెప్పాలంటే "చెక్ పవర్ తీసేస్తే సర్పంచ్‌ను తీసేసినట్టే." సంతకం లేకపోతే వీధి దీపం బల్బు కూడా కొనలేడు. సస్పెన్షన్ వస్తే ఉప సర్పంచ్ ఇన్‌ఛార్జిగా కూర్చుంటాడు.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగాలి. సర్పంచ్ పదవి ఎస్సీ మహిళకు రిజర్వ్ అయిందనుకోండి. ఉప సర్పంచ్ పదవికి రిజర్వేషన్ లేదు. ఊళ్లో పలుకుబడి ఉన్న కుటుంబం తన మనిషిని వార్డు సభ్యుడిగా గెలిపించి ఉప సర్పంచ్‌ను చేస్తుంది. ఆ తర్వాత సర్పంచ్ మీద ఒక ఫిర్యాదు నిలబడితే చాలు, రాజ్యాంగం ఒక చేత్తో ఇచ్చిన కుర్చీ ఆ కుటుంబానికే చేరుతుంది. తొలగింపు అధికారం గురించి మాట్లాడే ప్రతిసారీ, ఆ అధికారం ముందుగా ఎవరి మీద పడుతోందని అడగాలి. ఫిర్యాదులన్నీ అబద్ధాలని నేననను. డబ్బు తిన్న సర్పంచ్‌కు కులం, ఆడామగా తేడా రక్షణ కాకూడదు. కానీ ఏ ఊళ్లోనైనా ఎంబీ బుక్ ఎవరి హయాంలో తెరిచి చూస్తున్నారు, ఎవరి హయాంలో మూసి ఉంచుతున్నారు అన్నది తేలికగా తీసుకోవాల్సిన సంగతి కాదు.

2024లో సుప్రీంకోర్టు ముందుకు వచ్చిన రెండు కేసులు ఈ భయాన్ని నిజం చేశాయి. రెండూ మన రాష్ట్రాలవి కావు గానీ, అందులోని వ్యవహారం మన ఊళ్లకు కొత్త కాదు. మహారాష్ట్ర జల్‌గావ్ జిల్లా విచ్‌ఖేడాలో ఒక మహిళ సర్పంచ్ అయ్యారు. అత్తగారితో కలిసి ప్రభుత్వ స్థలంలో కట్టిన ఇంట్లో ఉంటున్నారన్న ఫిర్యాదు మీద కలెక్టర్ ఆమెను అనర్హురాలిగా ప్రకటించారు. తాను వేరే ఇంట్లో అద్దెకు ఉంటున్నానని ఆమె చెప్పినా వినిపించుకోలేదు. ఊరికి ఒక మహిళ సర్పంచ్ కావడాన్ని కొందరు జీర్ణించుకోలేకపోయారని సుప్రీంకోర్టు తేల్చి, సెప్టెంబరులో ఆమె పదవి ఆమెకు ఇప్పించింది. రెండోది ఛత్తీస్‌గఢ్ జష్‌పూర్ జిల్లా సాజ్‌బహార్ పంచాయతీ. నిర్మాణ పనులు ఆలస్యమయ్యాయని యువ మహిళా సర్పంచ్‌ను తొలగించారు. ఇంజినీర్లు, కాంట్రాక్టర్లు, సామాను సరఫరా, వాతావరణం, వీటన్నిటికీ సర్పంచ్ ఒక్కరే ఎలా బాధ్యులవుతారని న్యాయమూర్తులు అడిగారు. నవంబరులో ఆమెను పునరుద్ధరించి, వేధించినందుకు లక్ష రూపాయలు చెల్లించమని ఆ రాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించారు.

ఎన్నికైన వాళ్లను తేలికగా తొలగించకూడదని సుప్రీంకోర్టు చెప్పడం అదే మొదటిసారి కూడా కాదు. పంజాబ్‌లోని రాజ్‌పురా పురపాలక అధ్యక్షుడి కేసులో 2001లోనే ఒక గీత గీసింది. అధికార దుర్వినియోగం అంటే తెలిసి, చెడు ఉద్దేశంతో చేసిన పని అని, ఎప్పుడో ఒకసారి జరిగిన పొరపాటును ఆ పేరుతో పిలవకూడదని చెప్పింది. మహారాష్ట్రలోని ఉరణ్ పురపాలక అధ్యక్షుడి కేసులో 2012లో మరో అడుగు ముందుకేసింది. ఎన్నికైన మనిషిని తొలగించడం తీవ్రమైన శిక్షతో సమానం కాబట్టి గట్టి రుజువుండాలి, పూర్తిగా వాదన వినాలి, ఉత్తర్వులో కారణాలు రాయాలి అంది. ఆ మనిషితో పాటు ఆయనకు ఓటేసిన వాళ్ల హక్కు కూడా అక్కడ పోతుందని గుర్తు చేసింది. సంజాయిషీ సంతృప్తికరంగా లేదు అన్న ఒక్క వాక్యంతో ముగిసే ఉత్తర్వులు హైకోర్టులో నిలవకపోవడానికి కారణం ఇదే.

తొలగింపు, అనర్హత ఒకటి కావు. అనర్హతకు పదవిలో తప్పు చేయనక్కర్లేదు, చట్టం చెప్పిన పరిస్థితిలో ఉంటే చాలు. కొన్ని నేరాల్లో శిక్ష పడటం, ఎన్నికల నాటికి ఉండాల్సిన అర్హత లేకపోవడం ఇలాంటివి. ఇద్దరికి మించి పిల్లలుంటే పోటీకి అనర్హులన్న నిబంధన మూడు దశాబ్దాలు ఎంతమంది పదవుల్ని ఊపిందో చెప్పలేం. మూడో బిడ్డ పుట్టిన తేదీ కోసం బడి రిజిస్టర్లు, ఆసుపత్రి కాగితాలు కోర్టుల చుట్టూ తిరిగాయి. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధనను తీసేసింది.

మరి జనమే దించే పద్ధతి దేశంలో ఎక్కడా లేదా? ఉంది. మధ్యప్రదేశ్ పురపాలక చట్టం ఓటర్లకు అధ్యక్షుణ్ని వెనక్కి పిలిచే వీలు కల్పించింది. 2001లో అనూప్‌పుర్ అధ్యక్షురాలిని ఓటర్లు అలా దించారు. అదే చట్టాన్ని వారసత్వంగా తెచ్చుకున్న ఛత్తీస్‌గఢ్‌లో 2008లో నవాగఢ్, గుండర్‌దేహి, రాజ్‌పుర్ పురపాలికల అధ్యక్షులు ఒకే విడతలో పదవులు పోగొట్టుకున్నారు. అప్పటి పద్ధతి ఇది. అధ్యక్షుడు వచ్చి రెండేళ్లు నిండాలి. నాలుగింట మూడొంతుల మంది కౌన్సిలర్లు సంతకాలు పెట్టాలి. కలెక్టర్ పరిశీలించి పంపాక, ఊరంతా రహస్య ఓటింగ్ జరుగుతుంది. బ్యాలెట్ మీద రెండే గుర్తులు: మనిషి కూర్చున్న కుర్చీ, ఖాళీ కుర్చీ. ఉంచాలనుకుంటే మొదటిదానికి, దించాలనుకుంటే రెండోదానికి ముద్ర వేస్తారు. చదువు రానివాళ్లకు కూడా విషయం ఒక్క చూపులో తెలుస్తుంది. రాజస్థాన్‌లోని మాంగ్‌రోల్‌లో 2012లో ఇలాగే ఓటింగ్ పెడితే అధ్యక్షుడే నెగ్గాడు. కౌన్సిలర్ల కోపం ఒకటి, ఊరి అభిప్రాయం ఇంకొకటి కావచ్చని అక్కడ తేలింది.

హరియాణా 2020లో సర్పంచ్‌కే ఈ పద్ధతి తెచ్చింది. ఏడాది నిండాక 33 శాతం ఓటర్లు రాతపూర్వకంగా కోరితే ఓటింగ్ పెడతారు, దించడానికి 67 శాతం వ్యతిరేకంగా ఓటేయాలి. రెండు వేల మంది ఓటర్లున్న ఊళ్లో కాగితం కదలడానికే 660 మంది సంతకాలు కావాలి. ఒక కులమో, ఒక కుటుంబమో పంతం పట్టి పోగేయగలిగే సంఖ్య కాదది. మహారాష్ట్ర మధ్యేమార్గం పట్టింది. నేరుగా ఎన్నికైన సర్పంచ్ మీద సభ్యులు అవిశ్వాసం నెగ్గినా, గ్రామసభలో రహస్య ఓటింగ్‌లో ఊరు ఆమోదిస్తేనే పదవి పోతుంది.

దీనికి రాజ్యాంగం అడ్డురాదు. రాయ్‌బరేలీ పురపాలక అధ్యక్షుడి కేసులో 1992లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. స్థానిక పదవి చట్టం ఇచ్చినది, దాన్ని ఎలా తీసేయాలో కూడా చట్టమే చెప్పొచ్చు అంది. ఆ కేసులో నేరుగా ఎన్నికైన అధ్యక్షుణ్ని సభ్యులు దించడాన్ని కూడా తప్పుపట్టలేదు.

తెలుగు రాష్ట్రాలకు ఏది కుదురుతుందని నన్నడిగితే, మహారాష్ట్ర పద్ధతిలో సగం, హరియాణా పద్ధతిలో సగం అంటాను. నిధులు తిన్నట్టు లెక్కల్లో దొరికిన సర్పంచ్‌ను వెంటనే ఆపే అధికారం కలెక్టర్‌కు ఉండాల్సిందే, ఊరి డబ్బు ఓటింగ్ తేదీ దాకా ఆగదు. కానీ పని నచ్చలేదన్న ఫిర్యాదుకు, మొక్కలు ఎండాయన్న ఫిర్యాదుకు తీర్పు చెప్పాల్సింది ఊరే. రెండేళ్లు నిండాక, పదవీకాలంలో ఒక్కసారి, మూడోవంతు ఓటర్ల సంతకాలతో, రహస్య ఓటింగ్‌తో. సర్పంచ్ పదవి రిజర్వ్ అయిన ఊళ్లో ఇన్‌ఛార్జి కూడా అదే వర్గం నుంచి గెలిచిన వార్డు సభ్యుల్లో ఒకరై ఉండాలి. ఈ ఒక్క మార్పుతో సగం ఫిర్యాదుల వెనకున్న ఆశ ఆరిపోతుందని నా నమ్మకం.

అప్పటివరకూ ఊరివాళ్ల చేతిలో ఉన్నవి కాగితాలే. ఫిర్యాదులో "అవినీతిపరుడు" అన్న మాట ఎన్నిసార్లు రాసినా బలం రాదు. ఏ తేదీన, ఏ పనికి, ఎంత డ్రా అయింది, తీర్మానం నంబరెంత, ఎంబీలో ఏముంది, నేల మీద ఏముంది అన్నవి రాయాలి. సమాచార హక్కు కింద క్యాష్ బుక్, ఓచర్లు, ఎంబీ నకళ్లు ముందే తీసుకోవాలి. విచారణాధికారి వచ్చిన రోజు వాంగ్మూలం రాసిచ్చి, దాని నకలు అడిగి తీసుకోవాలి. సర్పంచ్ వైపు నిలబడేవాళ్లు కూడా ఇదే చేయాలి: షోకాజ్ నోటీసుతో పాటు విచారణ నివేదిక ఇవ్వమని అడగాలి, ఇవ్వకుండా తొలగిస్తే హైకోర్టులో ముందుగా ఎత్తి చూపాల్సింది అదే.